బ్యాంకాక్‌లో అర్ధరాత్రి దిగుతున్నారా? థాయ్‌లాండ్ రాత్రి ప్రయాణాలకు సమగ్ర మార్గదర్శి

శంషాబాద్‌లో బ్యాంకాక్ విమానం ఎక్కే తెలుగువారిలో చాలామందికి అదే తొలి విదేశీ ప్రయాణం. నాలుగు గంటల లోపు చేరుకోవచ్చు, ఖర్చూ అందుబాటులో ఉంటుంది. కొత్త దంపతులు, ఆఫీసు మిత్రులు, ఎరువుల, విత్తనాల కంపెనీలు బహుమతి యాత్రకు పంపే డీలర్లు, పిల్లలతో వెళ్లే కుటుంబాలు అందరూ ఆ వరుసలో కనిపిస్తారు. విమానం ఆలస్యమైతే, లేదా టికెట్టే అలా దొరికితే, వీళ్లంతా తెలియని నగరంలో అర్ధరాత్రి దాటాక దిగుతారు.

బ్యాంకాక్‌లో పర్యాటకుల మీద దౌర్జన్యాలు మరీ ఎక్కువేమీ కావు. మనవాళ్లు నష్టపోయేది చాలావరకు మరో విధంగా. ఒళ్లు అలసి ఉంటుంది, దారి తెలియదు, భాష రాదు. ఆ సమయంలో ఎక్కడికి వెళ్లాలో, ఎలా వెళ్లాలో, ఎంత ఇవ్వాలో ఎదుటి మనిషి నిర్ణయిస్తాడు. అందుకని నేను ఎవరికైనా మొదట చెప్పేది ఒకటే: రాత్రికి కావలసిన నిర్ణయాలన్నీ పగలే తీసుకోండి. కింది మెట్లన్నీ ఆ ఒక్క మాటను ఆచరణలో పెట్టే మార్గాలే.

మొదటి మెట్టు: ఇంట్లో ఉండగానే

టికెట్ తీసి, దిగేది ఏ విమానాశ్రయమో చూడండి. బ్యాంకాక్‌కు రెండు ఉన్నాయి. పెద్దది సువర్ణభూమి, నగరానికి తూర్పున. పాతది డాన్ మ్యూయాంగ్, ఉత్తరాన. చౌక విమానాలు ఎక్కువగా రెండోదాని నుంచి నడుస్తాయి. ఒకదాంట్లో దిగి, తెల్లవారుజామున రెండోదాంట్లో ఫుకెట్ విమానం ఎక్కవలసి వస్తే నగరం ఒక కొస నుంచి మరో కొసకు అర్ధరాత్రి టాక్సీలో వెళ్లాలి. టికెట్ కొనేటప్పుడే ఇది చూసుకోవాలి.

తొలి రాత్రి బసకు డబ్బు దగ్గర పొదుపు చేయకండి. రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉండే హోటల్, పెద్ద రోడ్డుకో మెట్రో స్టేషన్‌కో దగ్గరగా ఉన్నది తీసుకోండి. చౌకగా దొరికే అద్దె ఫ్లాట్లలో తాళంచెవిని గుమ్మం పక్కన చిన్న పెట్టెలో ఉంచి, దాని కోడ్ సందేశంగా పంపుతారు. పగలు అది సౌకర్యమే. అర్ధరాత్రి సందు చివర సామాన్లతో నిలబడి ఆ పెట్టె కోసం వెతకడం మాత్రం ప్రమాదాన్ని పిలవడమే. అలాంటి బసకు రెండో రోజు మారవచ్చు.

హోటల్ పేరు, చిరునామా, ఫోను నంబరు థాయ్ లిపిలో పంపమని హోటల్‌వాళ్లనే అడగండి. అడిగితే పంపుతారు. టాక్సీ డ్రైవర్లలో ఆంగ్లం చదవలేనివారు చాలామంది. థాయ్ లిపిలో చూపిస్తే తికమక ఉండదు, తెలియనట్టు నటించి మరోచోటికి తీసుకువెళ్లే అవకాశమూ తగ్గుతుంది. దాన్ని ఫోనులో ఫొటోగా, జేబులో కాగితంగా రెండు విధాలా ఉంచుకోండి.

ఆ కాగితం మీదే మరికొన్ని నంబర్లు రాయండి. 1155 టూరిస్టు పోలీసులది. రాత్రీపగలూ పలుకుతుంది, ఆంగ్లంలో మాట్లాడతారు. 191 సాధారణ పోలీసులది, 1669 అంబులెన్సుది. ప్రయాణ బీమా కంపెనీ సహాయ నంబరు, ఇంట్లో ఒకరి నంబరు కూడా చేర్చండి. ఫోను పోయిన రోజున సొంత ఇంటి నంబరు కూడా నోటికి రాదు. బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయం సుఖుమ్‌విత్ రోడ్డులో సోయి 23 (23వ నంబరు సందు)లో ఉంది. దాని అత్యవసర నంబరును అధికారిక వెబ్‌సైటులో చూసి అదే కాగితం మీదకు ఎక్కించండి.

డబ్బు, కార్డులు ఒకే పర్సులో ఉంచకండి. ఒక కార్డు, కొంత నగదు ఒంటి మీద. ఇంకో కార్డు, మిగిలిన నగదు పెట్టెలో. పాస్‌పోర్టు నకళ్లు అసలుకు దూరంగా ఉండాలి, ఒకటి ఈ-మెయిల్లోనూ ఉండాలి. నగర పటాన్ని ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోనులోకి దించుకోండి. పవర్ బ్యాంకును చేతి సంచిలో పెట్టుకోండి, చెక్-ఇన్ సామానులో దాన్ని అనుమతించరు.

ఇంటివాళ్లతో ఒక ఒప్పందం కూడా చేసుకోండి. థాయ్‌లాండ్ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. అక్కడ రాత్రి ఒంటిగంట అంటే ఇక్కడ పదకొండున్నర, అంటే ఇంట్లో ఇంకా ఎవరో ఒకరు మేలుకుని ఉండే వేళే. గది చేరగానే ఒక సందేశం పెడతానని, ఫలానా సమయం దాటితే ముందు హోటల్‌కు, తర్వాత రాయబార కార్యాలయానికి ఫోను చేయమని చెప్పండి. ‘జాగ్రత్తగా వెళ్లిరా’ అన్న మాటకన్నా ఈ వరస రాసిపెట్టుకోవడం వాళ్లకు ఎక్కువ ఉపయోగం.

రెండో మెట్టు: విమానాశ్రయం నుంచి గది దాకా

మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా జాగ్రత్త కావలసిన గంట ఇది. ఎందుకంటే ఇక్కడ సామానంతా చేతిలో ఉంటుంది, పాస్‌పోర్టు, నగదు అన్నీ ఒకే చోట ఉంటాయి, బుర్ర సగం నిద్రలో ఉంటుంది.

బయటికి రాకముందే నాలుగు పనులు ముగించండి. ముఖం కడుక్కోండి. సిమ్ కార్డు తీసుకోండి లేదా రోమింగ్ పనిచేస్తోందో చూసుకోండి. టాక్సీకి సరిపడా చిల్లర నోట్లు చేతిలో పెట్టుకోండి. వెళ్లవలసిన దారిని పటంలో ఒకసారి చూడండి. ఇవన్నీ లోపల, వెలుతురులో, కుర్చీలో కూర్చుని చేయవలసినవి.

సువర్ణభూమిలో విమానం దిగినవారు బయటికి వచ్చే ద్వారం రెండో అంతస్తులో ఉంటుంది. అక్కడ ‘టాక్సీ, టాక్సీ’ అంటూ దగ్గరికి వచ్చే వ్యక్తికి తల అడ్డంగా ఊపి ముందుకు సాగండి. మీటరు టాక్సీలు ఒకటో అంతస్తులో, అంటే నేల మట్టంలో ఉంటాయి. అక్కడి యంత్రం నుంచి ఒక చీటీ వస్తుంది. దాని మీద టాక్సీ నిలబడి ఉన్న వరుస నంబరు, వాహనం, డ్రైవరు వివరాలు ఉంటాయి. ఆ చీటీ డ్రైవరుకు ఇవ్వకండి. ఏదైనా గొడవ జరిగినా, సంచి కారులో మరచిపోయినా మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. ఎక్కే ముందే ఫొటో తీసి ఇంటికి పంపండి.

మీటరు 35 బాట్ల (బాట్ అంటే థాయ్ కరెన్సీ) దగ్గర మొదలవుతుంది, పెద్ద కారయితే 40. విమానాశ్రయం రుసుము 50 బాట్లు అదనం, టోల్ మీరే కట్టాలి. సుఖుమ్‌విత్ ప్రాంతానికి మామూలుగా అన్నీ కలిపి 350 నుంచి 500 బాట్ల మధ్య అవుతుంది. డ్రైవరు మీటరు వేయకుండా ‘వెయ్యి’ అంటే, కారు కదలకముందే దిగి మళ్లీ చీటీ తీసుకోండి. హైవే ఎక్కాక వాదించడం వల్ల లాభం లేదు. ఆ సమయంలో వాదన పెంచుకోకుండా అడిగినంత ఇచ్చి, హోటల్ గుమ్మం ముందు దిగి, 1155కు ఫిర్యాదు చేయడమే నా సలహా. పోయేది కొన్ని వందల బాట్లే.

సామాన్లు డిక్కీలో పెట్టినా పాస్‌పోర్టు, ఫోను, మందులు ఉన్న సంచి ఒళ్లో ఉండాలి. డబ్బు చెల్లించేది సామాన్లు దించిన తర్వాతే.

సువర్ణభూమి విమానాశ్రయం నుంచి నగరంలోని ఫయా థాయ్ స్టేషన్ వరకు వెళ్లే రైలు ఉంది. చౌక, సురక్షితం. కానీ అది అర్ధరాత్రికల్లా ఆగిపోతుంది. పదకొండున్నరకు దిగి, ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి, ఆ రైలు మీద ఆశ పెట్టుకోకండి. నగరంలోని స్కైట్రైన్, మెట్రోలు కూడా దాదాపు ఆ వేళకే మూతపడతాయి. తెల్లవారుజామున మూడున్నరకో నాలుగుకో దిగినవారికి మాత్రం ఇంకో మార్గం ఉంది: విమానాశ్రయంలోనే కాఫీ తాగుతూ కూర్చుని ఐదున్నర, ఆరు తర్వాత తొలి రైళ్లలో బయలుదేరడం. ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలకు ఇదే మేలని నా అభిప్రాయం.

మూడో మెట్టు: గదిలో

రిసెప్షన్‌లో గది నంబరు పక్కవాళ్లకు వినిపించేలా పైకి చదివితే, మరో గది ఇమ్మని అడగవచ్చు, తప్పుగా అనుకోరు. లోపలి గొళ్లెం పనిచేస్తోందో, పక్క గదితో కలిపే తలుపు ఉంటే అది మూసి ఉందో చూడండి. అగ్నిప్రమాద మెట్లు ఎటున్నాయో ఒకసారి నడిచి చూసి రండి. పిలవకుండా ఎవరైనా తలుపు కొడితే తీయకుండా రిసెప్షన్‌కు ఫోను చేయండి. హోటల్ కార్డు ఒకటి జేబులో వేసుకోండి. ఈ మెట్టు ఇంతే.

నాలుగో మెట్టు: సోయిల్లో నడక

బ్యాంకాక్ పెద్ద రోడ్ల నుంచి చీలే సందులను సోయి అంటారు. వాటికి నంబర్లు ఉంటాయి: రోడ్డుకు ఒక పక్క బేసి సంఖ్యలు, మరో పక్క సరి సంఖ్యలు. కొత్తవాళ్లు దారి తప్పేది ఇక్కడే. రెండు పక్కల నంబర్లు ఒకదానికొకటి ఎదురుగా ఉండవు. సుఖుమ్‌విత్ రోడ్డులో థాంగ్ లో స్టేషన్ దగ్గర ఒక పక్క సోయి 55 ఉంటే, ఎదురుగా సోయి 38 ఉంటుంది. ‘55 కనిపించింది, ఎదురుగా 54 ఉంటుందిలే’ అనుకుని చీకట్లో నడిస్తే చాలా దూరం పోతారు. కొన్ని సోయిలు కిలోమీటరుకు మించి లోపలికి పోతాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి. అందుకే హోటల్ చుట్టుపక్కల దారులన్నీ పగటిపూట ఒకసారి నడిచి చూడాలి. వెలుతురు ఎక్కడి దాకా ఉంది, పది తర్వాత ఏ దుకాణాలు తెరిచి ఉంటాయి, కాలిబాట ఎక్కడ తెగిపోయింది అన్నవి గమనించండి.

సెవెన్ ఇలెవెన్ దుకాణాలు దాదాపు ప్రతి మలుపులోనూ ఉంటాయి, చాలావరకు రాత్రంతా తెరిచే ఉంటాయి. లోపల వెలుతురు, కెమెరాలు, మనుషులు ఉంటారు. ఎవరైనా వెంబడిస్తున్నారనిపించినా, దారి తప్పినా నేరుగా అందులోకి వెళ్లి, నీళ్ల సీసా కొని, అక్కడి నుంచే వాహనం పిలిపించుకోండి. వీధి మధ్యలో నిలబడి ఫోనులో పటం చూడటం మంచిది కాదు. బైకు మీద వచ్చి చేతిలో ఫోనో, భుజాన సంచో లాక్కుపోయే దొంగతనాలు అక్కడా జరుగుతాయి. సంచి రోడ్డు వైపు కాక గోడ వైపు ఉండాలి.

రాత్రి సోయిల్లో వీధికుక్కలు గుంపుగా ఉంటాయి. థాయ్‌లాండ్‌లో రేబిస్ ఉంది. పరుగెత్తకండి, మెల్లగా వెనక్కి తగ్గండి. కరిచినా, గీరినా సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లండి. ఇంటికి వచ్చాక చూద్దామనుకునే విషయం కాదిది.

రెండు మాటలు నేర్చుకోండి. వద్దు అనడానికి ‘మై ఆవ్’. మగవారు చివర ‘ఖ్రాప్’ అని, ఆడవారు ‘ఖా’ అని చేరిస్తే మర్యాద. సాయం కోసం కేక వేయాలంటే ‘చువయ్ దువయ్’.

ఐదో మెట్టు: రాత్రి వాహనాలు

యాప్ ద్వారా పిలిచే గ్రాబ్, బోల్ట్ వాహనాలు రాత్రికి మేలు. ధర ముందే తెలుస్తుంది, దారి నమోదవుతుంది, ఇంటివాళ్లకు పంపవచ్చు. వాహనం నంబరు పలక మీద అక్షరాలు థాయ్‌లో ఉన్నా అంకెలు మనకు తెలిసినవే. అంకెలు సరిపోలితేనే ఎక్కండి. మీ పేరు మీరు చెప్పకండి, డ్రైవరునే చెప్పమనండి.

టుక్‌టుక్ సరదాగా ఒకసారి ఎక్కవచ్చు, రేటు ముందే మాట్లాడుకుని. ‘ఇరవై బాట్లకు ఊరంతా తిప్పుతాను’ అంటే అది నగల దుకాణానికీ దర్జీ షాపుకూ తీసుకువెళ్లే బేరం. పగలు గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ‘ఈరోజు మూసేశారు’ అని చెప్పే పెద్దమనిషిదీ అదే వరస. ద్వారం దాకా నడిచి మీరే చూసుకోండి.

ఇక అద్దె స్కూటర్లు. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. ఫుకెట్‌లోనూ పట్టాయాలోనూ మన కుర్రవాళ్లు దిగగానే స్కూటరు అద్దెకు తీసుకుంటారు. అక్కడా మనలాగే ఎడమ వైపే నడపడంతో ధైర్యం వస్తుంది. కానీ థాయ్‌లాండ్ రోడ్డు మరణాలు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఒకటి, చనిపోయేవారిలో అధికశాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారే. కొండ మలుపులు, రాత్రి వాన, తాగి నడిపేవారు అన్నీ కలుస్తాయి. ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ డబ్బు ఇవ్వకపోవచ్చు. ఆ పర్మిట్ మన రవాణా శాఖ కార్యాలయంలోనే వస్తుంది, ఏడాది చెల్లుతుంది. అది ఉన్నా చీకటి పడ్డాక నడపకండి. హామీగా పాస్‌పోర్టు అడిగే దుకాణంలో వాహనం తీసుకోకండి. నగదు డిపాజిట్‌కు ఒప్పుకునేవారు దొరుకుతారు. ముందున్న గీతలు, సొట్టలు వీడియో తీసి పెట్టుకోండి. బీచ్‌లో జెట్ స్కీ అద్దెకు తీసుకున్నా ఇదే పద్ధతి. లేని నష్టానికి డబ్బు గుంజే మోసం అక్కడ పాతదే.

ఆరో మెట్టు: బార్లు, మందు, బిల్లు

చాలామంది వెళ్లేదే రాత్రి జీవితం చూడటానికి. కాబట్టి సూటిగా మాట్లాడుకుందాం. పాట్‌పాంగ్ వంటి చోట్ల వీధిలో నిలబడి ‘ప్రవేశం ఉచితం, బీరు వంద’ అని పిలిచేవారి వెంట మేడ మీదికి వెళ్లకండి. కింద చెప్పిన ధర పైన ఉండదు. వేలల్లో బిల్లు వేసి, తలుపు దగ్గర ఇద్దరు నిలబడతారు. అలా చిక్కుకుంటే గొడవకు దిగకుండా కొంత ఇచ్చి బయటపడి, వెంటనే 1155కు ఫోను చేయండి. రశీదు, బోర్డు ఫొటో ఉంటే డబ్బు తిరిగి ఇప్పించిన సందర్భాలు ఉన్నాయి.

గ్లాసు మీ కళ్లముందే నింపాలి. లేచి వెళ్లి వచ్చాక పాత గ్లాసు ముట్టుకోకండి. బకెట్లలో కలిపి అమ్మే మందుకు దూరంగా ఉండండి. 2024 నవంబరులో పొరుగునే ఉన్న లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విష రసాయనం కలిసిన మద్యం తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. తాగిన మర్నాడు చూపు మసకబారినా, ఊపిరి బరువైనా అది హ్యాంగోవర్ అనుకుని పడుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

బృందంగా వెళ్లినవారు ప్రతి రాత్రి ఒకరిని తాగకుండా ఉంచండి. వెళ్లేటప్పుడు ఎంతమంది ఉన్నారో తిరిగి వచ్చేటప్పుడూ అంతమంది ఉండాలి. ‘వాడు తర్వాత వస్తాడులే’ అని ఒకరిని వదిలి రావడమే చాలా కష్టాలకు మొదలు. రాత్రికి సరిపడా నగదు, ఒక కార్డు మాత్రమే తీసుకువెళ్లండి. ఏటీఎం అవసరమైతే మాల్‌లోనో బ్యాంకు పక్కనో ఉన్నది పగలే వాడండి.

ఈ-సిగరెట్లు థాయ్‌లాండ్‌లో నిషిద్ధం. వీధిలో బాహాటంగా అమ్ముతున్నా అవి చట్టబద్ధం కావు. రాత్రి తనిఖీల్లో విదేశీయుల దగ్గర దొరికితే జరిమానా, చిక్కులు తప్పవు. తనిఖీ చేసే పోలీసు అక్కడికక్కడే డబ్బు అడిగితే, స్టేషన్‌కు వస్తానని, టూరిస్టు పోలీసులతో మాట్లాడతానని శాంతంగా చెప్పండి.

ఏడో మెట్టు: రాత్రి రైలు, రాత్రి బస్సు

ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్ నగరానికి రాత్రి రైలు హాయైన ప్రయాణం. దూరప్రాంత రైళ్లు 2023 జనవరి నుంచి బ్యాంకాక్‌లోని బాంగ్ సూ ప్రాంతంలో ఉన్న కొత్త స్టేషన్ క్రుంగ్ థేప్ అఫివత్ నుంచి బయలుదేరుతున్నాయి. పాత స్టేషన్ హువా లంఫాంగ్‌కు పోయి రైలు పోగొట్టుకోకండి. కొన్ని రైళ్లలో స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక బోగీ ఉంటుంది, అడిగి తీసుకోండి. కింది బెర్తు వెడల్పుగా ఉంటుంది, పై బెర్తుకు రాకపోకల తాకిడి తక్కువ.

బస్సుల విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. బ్యాంకాక్‌లోని ఖావో సాన్ రోడ్డు నుంచి దక్షిణ దీవులకు వెళ్లే చౌక పర్యాటక బస్సుల్లో, కింద డిక్కీలో పెట్టిన సంచులు ప్రయాణికులు నిద్రలో ఉండగా తెరిచి దోచుకున్న ఘటనలు చాలా ఉన్నాయి. ప్రభుత్వ బస్ టెర్మినళ్ల నుంచి వెళ్లే బస్సు ఎంచుకోండి. విలువైనది ఏదీ డిక్కీలో పెట్టకండి.

దీవులకు వెళ్లే ఆఖరి పడవ ఎప్పుడో ముందే తెలుసుకుని, దానికి ముందుదానికి ప్రణాళిక వేసుకోండి. మే నుంచి అక్టోబరు వరకు ఫుకెట్ వైపు సముద్రం ఉధృతంగా ఉంటుంది. ఎర్ర జెండా ఉంటే పగలే దిగకూడదు, రాత్రి ఈత మాట అసలు తలపెట్టకండి.

ఎనిమిదో మెట్టు: ఏదైనా జరిగితే

ముందు వెలుతురున్న చోటికి చేరండి. తర్వాత 1155. కార్డు పోతే బ్యాంకు యాప్‌లో అక్కడికక్కడే ఆపేయండి. ఫోనే పోతే మిత్రుడి ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి, యూపీఐ, సిమ్ నిలిపివేయించండి. ఫోను వెనకాలే ఖాతాలన్నీ ఉంటాయి కాబట్టి తెల్లవారేదాకా ఆగకండి.

పాస్‌పోర్టు పోతే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించి నకలు తీసుకోండి. ఆ కాగితం, పాస్‌పోర్టు నకలు, ఫొటోలతో రాయబార కార్యాలయానికి వెళ్తే ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ తర్వాత థాయ్ ఇమిగ్రేషన్ కార్యాలయంలో మీ ప్రవేశ వివరాలు చూపించుకోవలసి ఉంటుంది. ఇదంతా ఒక్క రోజులో కాకపోవచ్చు, వారాంతమైతే ఇంకా ఆలస్యం. తిరుగు టికెట్ మార్చుకునేందుకు సిద్ధపడండి.

లైంగిక దాడి జరిగితే స్నానం చేయకుండా, బట్టలు మార్చకుండా ఆసుపత్రికి వెళ్లడం ఆధారాలకు ముఖ్యం. టూరిస్టు పోలీసులతో పాటు రాయబార కార్యాలయానికీ చెప్పండి. బాధితురాలిని ‘ఆ వేళప్పుడు ఎందుకు వెళ్లావు’ అని ఇంటివాళ్లు అడగకూడదు. ఆ ప్రశ్నకు భయపడే చాలామంది ఫోను చేయరు.

ఉద్యోగం పేరుతో రాత్రి కారు ఎక్కించేవారు

పర్యాటకం కాదు గానీ దీన్ని వదిలిపెట్టలేను. డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం, ఉచిత టికెట్ అని చెప్పి మన తెలుగు యువకులను బ్యాంకాక్ రప్పించి, విమానాశ్రయం నుంచే కారులో రాత్రంతా పశ్చిమ సరిహద్దు పట్టణం మే సోత్‌కు తరలించి, నది దాటించి మయన్మార్‌లోని మ్యావడ్డీ సైబర్ మోసాల శిబిరాల్లో బంధిస్తున్నారు. 2025 మార్చిలో వైమానిక దళ విమానాల్లో ఐదువందల మందికి పైగా భారతీయులను మే సోత్ నుంచి తీసుకువచ్చారు, అందులో తెలుగువారూ ఉన్నారు. ఉద్యోగం బ్యాంకాక్‌లో అని చెప్పి కారు గంటల తరబడి నగరం బయటికి పోతుంటే, పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడే దిగి జనంలోకి వెళ్లి 1155కు ఫోను చేయండి. పటంలో మే సోత్ కనిపించేదాకా ఆగకండి. అసలు బయలుదేరకముందే ఏజెంటు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉన్నాడో లేదో చూడండి. పర్యాటక అనుమతి మీద ఉద్యోగానికి రమ్మన్నవాడిని నమ్మకండి.

చివరి మెట్టు: తిరుగు ప్రయాణం

ఆఖరి రాత్రి మీతో కలిసి తిరిగిన కొత్త స్నేహితుడో, విమానాశ్రయం వరుసలో పలకరించిన తెలుగు మనిషో ‘మా సామాను బరువెక్కువైంది, ఈ చాక్లెట్ల ప్యాకెట్టు హైదరాబాద్ దాకా పట్టుకువస్తారా, అక్కడ మావాళ్లు తీసుకుంటారు’ అని అడగవచ్చు. బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుల సామానులో హైడ్రోపోనిక్ గంజాయిని (మట్టి లేకుండా నీటిలో పెంచేది) శంషాబాద్ కస్టమ్స్ అధికారులు పదేపదే పట్టుకుంటున్నారు. తిండి ప్యాకెట్లలో దాచి తెచ్చినవీ వాటిలో ఉన్నాయి. మీ సంచిలో దొరికింది చట్టం దృష్టిలో మీదే, మాదకద్రవ్యాల కేసులో బెయిలు కూడా కష్టం. మన భాష మాట్లాడాడని మొహమాటపడకండి. సంచి మీరే సర్దుకోండి, తాళం మీరే వేసుకోండి, కౌంటర్లో అప్పగించేదాకా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకండి.